దామరచర్ల అడవిలో కౌజు పిలుపు

మా చేలల్లో కౌజు పిట్ట కూత విని చాలా ఏళ్ళయింది. జొన్న పోయి పత్తి వచ్చింది, మందులు కొట్టారు, పిట్టలు పోయాయి. ఆ కూత ఇంకొక్కసారి వినాలనే ఈ ప్రయాణం పెట్టుకున్నాను. మా వీధి టీచరమ్మ సునీత పిట్టలు చూసేవాళ్ళను కూడగట్టి దామరచర్ల అవతలి అడవికి పోతోందని తెలిసి వెంటపడ్డాను. నేను చెబుతుంటే ఇది రాస్తున్నదీ ఆమే.

తెల్లవారుజామున ఐదింటికి నేరేడుచర్లలో మిర్యాలగూడ బస్సెక్కాం. ఆడవాళ్ళకు టికెట్ ఖర్చు లేదు, ఆధార్ కార్డు మాత్రం మరవకండి.

“పొద్దుగాల్నే యాడికి పోతున్నవ్ అవ్వా?” అన్నాడు కండక్టరు.

“పిట్టలను సూడనీకి.”

“మీ ఊర్ల లేవా పిట్టలు?”

“ఉంటే నీ బస్సెందుకు ఎక్కుత బిడ్డా?”

బస్సంతా నవ్వింది.

మిర్యాలగూడ బస్టాండులో ఇడ్లీ తిన్నాం. సునీత పిలిచిన పిట్టల మాస్టారు ఒకరు కోదాడ నుంచి వచ్చి అక్కడ కలిశారు. మెడలో దుర్భిణి, చేతిలో కూతలు పట్టే చిన్న రికార్డరు. దామరచర్ల దాకా ఆటో, తర్వాత నడక. నీళ్ళు వెంట తీసుకుపోండి, లోపల దొరకవు.

ఏడింటికి అడవిలో ఉన్నాం. మోదుగులు విరగబూశాయి, కొమ్మకొమ్మకూ తేనెపిట్టలే. మాస్టారు దుర్భిణి ఇచ్చారు గానీ అందులో నాకు నా రెప్పలే కనిపించాయి.

“కౌజు కూస్తదా సారూ?”

“మాట్లాడకుండా కూర్చుంటే కూస్తుందమ్మా.”

పొదల దగ్గర అందరం కూర్చున్నాం. నాకు మా ఆయనే గుర్తొస్తున్నాడు. పదిమందిలో పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడం మా ఇళ్ళలో లేదు. చేను అవతలి గట్టు మీద నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టి కౌజులా కూసేవాడు. నేను “ఆఁ, వస్తున్న!” అని నీళ్ళ చెంబు పట్టుకుని పోయేదాన్ని. ఒక్కోసారి కూసింది నిజం కౌజే అయ్యేది. “నీ మొగడు నేనా, ఆ పిట్టనా?” అని నవ్వేవాడు. ఆయన పోయాక నన్ను అలా పిలిచినవాళ్ళు లేరు.

ఉన్నట్టుండి పొదలో కౌజు కూసింది.

“ఆఁ, వస్తున్న!”

ఎప్పుడు లేచానో తెలియదు, నిలబడి ఉన్నాను. పొదలోంచి బుర్రుమని పిట్టలు లేచిపోయాయి.

“ఏంటమ్మా ఇది! ఇంతసేపు కాచుకున్నాం కదా!” అన్నారు మాస్టారు.

“ఏమైంది పెద్దమ్మా?” అంది సునీత.

చెప్పాను. అందరూ ఎండెక్కేదాకా అక్కడే కూర్చున్నారు, పాపం, నా కోసం. మళ్ళీ కూయలేదు.

తిరుగు ప్రయాణంలో కోదాడ బస్సు దొరికింది, అది నేరేడుచర్ల మీదుగానే పోతుంది. మాస్టారు వెనక సీట్లోంచి వంగి ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టారు. కౌజు కూసింది. వెంటనే నా గొంతు.

“మీ అరుపు కట్ చేసిస్తానమ్మా, కూత ఒక్కటే ఉంటుంది.”

“వద్దు సారూ. అట్లనే ఉండనీ.”

మీరు పోతే నోరు మూసుకుని కూర్చోండి, అడవి బాగుంటుంది. నేను మాత్రం ఊరు వచ్చేదాకా ఇయర్‌ఫోన్ తీయలేదు. నా మాట తర్వాత అందులో రెక్కల చప్పుడు, ఆ తర్వాత ఉత్త గాలి. మళ్ళీ పిలుస్తాడేమోనని ఆ గాలిని చివరిదాకా విన్నాను.