నూనె పూసుకోకుండా పో

ఇవాళ పొద్దున మా డాక్టరు క్లినిక్‌లో నా పక్కన కూర్చున్నావిడ దగ్గర కొబ్బరినూనె వాసన గుప్పుమంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మీద కాదు. సుభద్ర మేడమ్‌కైతే, బతికుంటే, ఆ మంట అర్థమయ్యేది.

ఇంగ్లండ్‌లోని లీసెస్టర్‌లో నేను మాస్టర్స్ ప్రాజెక్టు చేసిన ల్యాబ్ ఆవిడది. కర్నూలు మనిషి, ముక్కుమీద కోపం. మా పని సోరియాసిస్ అనే చర్మవ్యాధి మీద. శరీరాన్ని కాపాడాల్సిన కణాలు లేని శత్రువు వచ్చాడని కేకలు పెడతాయి. ఆ సంకేతాలకు చర్మంలో కొన్ని జన్యువులు విజృంభిస్తాయి, చర్మం ఆగకుండా పుట్టి పొట్టు కడుతుంది. ఏ జన్యువు ఎంత జోరుగా పనిచేస్తోందో నేను రోజూ కొలిచేదాన్ని. నా మోచేతుల మీద లేచిన పొట్టు అదేనని మాత్రం పోల్చుకోలేకపోయాను. నేను చూసిన ఫోటోలన్నీ ఎర్రబడ్డ తెల్లచర్మానివే మరి! డాక్టరు ముందు శుభ్రంగా కనబడాలని మనవాళ్లందరిలాగే నూనె రాసుకుని వెళ్లాను. పొట్టు అణిగిపోయింది. ఆయన ఒక్క చూపు చూసి ఫంగస్ అన్నాడు.

ఆ మాటతో ఫ్లాట్‌లో అమ్మాయిలు నా కంచం, గ్లాసు వేరు పెట్టారు. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమన్నారు. అందరూ మన తెలుగమ్మాయిలే, అందరూ చదువుకున్నవాళ్లే.

ల్యాబ్‌లో చేతులు కడుక్కుంటుంటే మేడమ్ చూశారు. అంతా చెప్పాను.

"నూనె పూసుకొని పోతివా? పెండ్లిచూపులా అది? జబ్బు చూపించేకి పోతా జబ్బును దాసిపెడతారామ్మే!" అని అరిచారు. "రేపు నూనె పూసుకోకుండా పో. మళ్లీ ఫంగసంటే నాకు ఫోన్ చెయ్."

ఆ సాయంత్రమే మేడమ్ మా ఫ్లాట్‌కి వచ్చారు. టీ పెడతామంటే వద్దన్నారు.

"అంటుకుంటుందేమోనని భయమేసింది మేడమ్," అంది ఒకమ్మాయి.

"ఇది అంటుకునేది కాదు. భయమైతే అడగాల. కంచం వేరు పెట్టేది యాడ నేర్చుకొంటిరి?"

"సారీ, నువ్వు ఉండిపోవే," అన్నారు అమ్మాయిలు నాతో. మేడమ్ నావైపు తిరిగి, "నీకుండాలనుందా?" అని అడిగారు. లేదన్నాను. నా పెట్టె ఆవిడే తన కారులో పెట్టారు.

మర్నాడు నూనె లేకుండా వెళ్తే డాక్టరు సోరియాసిసేనన్నాడు. మందులతో మోచేతులు నున్నబడ్డాయి. ఆ అమ్మాయిలు ఇప్పటికీ నా పుట్టినరోజుకు ఫోన్‌లో పువ్వుల బొమ్మలు పంపుతుంటారు. చిన్నతనం, పోనీలే, క్షమించెయ్యమంటాడు మా ఆయన. నా కంచం ముట్టుకోవడానికి జంకిన చేతులవి. నేను ఒక్కదానికీ జవాబివ్వలేదు, ఇవ్వను.