బుధు మోరి, సోంబరు మీటలు

సోంబరు ఇంటర్ తప్పి, విశాఖలో డీటీపీ నేర్చుకుని, అరకు సంత రోడ్డులోని జెరాక్స్ షాపులో పెళ్లి శుభలేఖలు కొట్టేవాడు. 2001లో అక్కడి కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ, ప్రశ్నపత్రాలు టైపు చేయించుకోవడానికి నేను ఆ షాపుకు వెళ్లేదాన్ని. మా పాపకు అప్పటికి ఏడాది నిండలేదు. చలి తగిలితే ఆయాసం వచ్చేది. ఎక్కడికెళ్లినా ఎత్తుకుని, ఆ పిల్ల ఊపిరి వింటూ ఉండేదాన్ని. ఒకరోజు షాపులో అడుగుపెట్టేసరికి ఎవరో గరగరమంటూ ఊపిరి తీస్తున్న చప్పుడైంది. గబుక్కున పాప ముఖం చూశాను.

"మీ పాప కాదు మేడమ్, మా అయ్య," అని సోంబరు స్పీకరు వైపు చూపించాడు.

"ఆ శుభలేఖలు ఎప్పుడు కొడతావురా? పెళ్లయిపోయాకా?" అని లోపలి నుంచి యజమాని అరిచాడు.

తల్లి పోయాక సోంబరును పెంచింది తండ్రి బుధే. బుధు మోరి ఊదేవాడు. మోరి మన సన్నాయికి అడవి చుట్టం లాంటిది. కొండ మీది వాళ్ల ఊళ్లో థింసా ఆటకు డప్పులు కొట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, మోరికి బుధు ఒక్కడే. క్షయతో ఆయన ఊపిరితిత్తి ఒకటి పాడైంది. మందులతో జబ్బు ఆగింది గాని, మళ్లీ ఊదితే ప్రాణానికే ముప్పని డాక్టరు గట్టిగా చెప్పాడు. బుధు వినలేదు. చైత్రంలో విత్తనాలకు పూజచేసే ఇటుకల పండుగకు ఆడవాళ్లు వరస కట్టి నిలబడితే మోరి లేకుండా ఎలా అంటాడు.

అందుకని సోంబరు ఒక్కో స్వరాన్నీ తండ్రి చేత ఒక్కసారి, అదీ మెల్లగా ఊదించి షాపు కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఏదో పత్రికతో వచ్చిన సీడీలో అతనికి పాటలు కూర్చే ట్రాకర్ అనే ప్రోగ్రాం దొరికింది. ఊరి బడికి ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్లో పాట మోగించాలి. అక్కడికి తీసుకెళ్లడానికి ఫ్లాపీ తప్ప దారి లేదు. మొత్తం పాట రికార్డు చేస్తే ఫ్లాపీలో పట్టదు. ట్రాకర్‌కు ముక్కలు చాలు. ఏ ముక్క ఎప్పుడు, ఏ శ్రుతిలో మోగాలో తెర మీది గళ్లలో రాస్తే, పైనుంచి కిందికి చదువుకుంటూ వాయిస్తుంది. స్వరం మధ్యలో నిలకడగా ఉన్న తునకను పట్టుకుని అదే తిప్పుతూ ఉంటే, రెప్పపాటు ఊపిరి కావలసినంతసేపు సాగుతుంది.

పండుగకు మమ్మల్నీ పిలిచాడు. మధ్యాహ్నం ఎండలో బడి అరుగు మీద బల్ల వేసి, కంప్యూటర్ పెట్టి లౌడ్‌స్పీకర్‌కు కలిపారు. బుధు మోరి ఒళ్లో పెట్టుకుని గోడవార కూర్చున్నాడు.

"ఒరే, అది సెడిపోతే?"

"సెడిపోదయ్యా. నువ్వు మోరి ముట్టుకోకు."

"ముట్టుకోలేదురా. పట్టుకున్నాను, అంతే."

ఆడవాళ్లు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వరస కట్టారు. ముందు సోంబరు మేనత్త సోములమ్మ. డప్పులవాళ్లు ఆమె పాదాన్ని చూసి కొడతారు. మోరి మొదలైంది. కాసేపు బాగానే సాగింది. అంతలో వరస చివరన ఒక ముసలమ్మ కాలు తడబడింది. సోములమ్మ అది గమనించి నడక తగ్గించింది. డప్పులూ తగ్గాయి. స్పీకర్లోని మోరి మాత్రం ముందే మలుపు తిరిగిపోయింది. వరస తెగింది.

"ఎవుల్ని సూసి ఊదుతాందిరా అది?" సోములమ్మ నడుం మీద చేయి వేసుకుని అరిచింది. "నీ పెట్టికి కళ్లు లేవేటి అల్లుడా?"

అందరూ నవ్వారు. ఇంట్లో కూర్చుని, ఎవరి పాదమూ చూడకుండా తండ్రి కూనిరాగం తీసిన బాణీనే సోంబరు గళ్లలో రాశాడు. పుట్టినప్పటి నుంచి థింసా చూసినవాడికి, మోరి కూడా ఆ పాదాన్ని చూసే ఊదాలన్న సంగతి తట్టనేలేదు.

బుధు మోరి పెదాలకు ఆనించాడు. బుగ్గలు నిండాయి.

"వొద్దయ్యా!"

సోంబరు పాట ఆపేశాడు. పాట ఆగినా ముక్కలు ట్రాకర్లోనే ఉంటాయి. కీబోర్డు మీద ఒక్కో మీటకు ఒక్కో స్వరం పలుకుతుంది. పాట కూర్చేటప్పుడు సరిచూసుకోవడానికే అతను దాన్ని వాడేవాడు. బల్లను సోములమ్మ వైపు తిప్పించి, ఆమె పాదాల మీద చూపు నిలిపి, ఒక మీట నొక్కాడు.

మొదట అన్నీ తప్పులే. అయినా సోములమ్మ అడుగు వేసింది. ఆమె ఆగినప్పుడు అతని వేలు మీట మీదే నిలిచి, స్వరం సాగింది. కదిలినప్పుడు వేలు కదిలింది. డప్పులు అందుకున్నాయి. మోరి ఇంకా బుధు పెదాల దగ్గరే ఉంది. పాపను గట్టిగా పట్టుకుని నేను ఆ ముసలాయన ఛాతీనే చూస్తున్నాను. వరస తెగకుండా మలుపు తిరిగింది. ఆయన నోరు తెరిచి, పట్టిన గాలి మెల్లగా వదిలేశాడు.

ఆట ఆగాక సోంబరు మీటల మీంచి చేతులు తీశాడు. బుధు బల్ల దగ్గరికి వచ్చాడు.

"మలుపులో బేగి పోయినావు. దాని మడమ లేచీదాకా ఉండాల."

"ఉంటానయ్యా."

"రేపూ నువ్వే వాయించాల. నాను పక్కన కూకుని సెప్తాను."

తలగుడ్డ విప్పి మోరికి చుట్టి చంకలో పెట్టుకున్నాడు. సోములమ్మ మళ్లీ వరస కడుతోంది. కొడుకు భుజం తట్టి, అటు చూడమన్నాడు.