మొలవని పన్ను

తాండూరులో నా పళ్ల ఆసుపత్రి నడిచింది రెండేళ్లే. మేడ మీద ఒక గది, ఒక కుర్చీ, బయట ఒక బెంచీ. రోజుకు మూడుసార్లు తుడిచినా కిటికీ దగ్గర నాపరాతి పొడి పేరుకునేది. ఆ రెండేళ్లలో ఎన్ని పళ్లు తీశానో గుర్తులేదు. ఒక్క పన్ను మాత్రం పదమూడేళ్లుగా నన్ను వదల్లేదు.

పెద్దేముల్ నుంచి ఒక తల్లి తొమ్మిదేళ్ల కూతురిని తీసుకొచ్చింది. తల్లి తాండూరులోనే రాళ్లకు పాలిష్ పట్టే చోట కూలి. పిల్ల బడి మెట్ల మీద పడి పై వరుసలో ముందు పన్ను విరగ్గొట్టుకుంది. అది జరిగి నాలుగు నెలలైంది. చిగురు మీద చీముపొక్కు లేచాక గానీ నా దగ్గరికి రాలేదు.

"జర చూడుండ్రి డాక్టరమ్మా. బిడ్డ అన్నం తింటలేదు," అంది తల్లి.

ఎక్స్‌రే తీశాను. పాలపన్ను కాదు, అసలు పన్నే. లోపలి గుజ్జు చచ్చిపోయింది. ఆ వయసులో పంటి వేరు ఇంకా పెరుగుతూ ఉంటుంది. గుజ్జు చచ్చిపోతే వేరు ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. ఈ పిల్లకు వేరు గోడలు ఉల్లిపొరలా ఉన్నాయి, చివర మూసుకోనేలేదు. శుభ్రం చేసి మందు పెట్టాను. చీము తగ్గింది, మళ్లీ వచ్చింది. మూడోసారి వచ్చేసరికి వేరు పగిలిపోయి ఉంది. తీయక తప్పలేదు.

సూది చూడగానే పిల్ల నా చెయ్యి పట్టుకుంది. ఏడవలేదు. "తీస్తే మల్ల మొలుస్తదా?" అని అడిగింది.

పాలపళ్లు ఊడిన చోట కొత్తవి రావడం అది అప్పటికే చూసింది. అడగాల్సిన మాటే అడిగింది. బయట బెంచీ మీద ఇంకా నలుగురు ఉన్నారు. ఆ క్షణాన అది నోరు తెరిస్తే చాలనిపించింది నాకు.

"మొలుస్తది బిడ్డా," అన్నాను.

నోరు తెరిచింది.

నెల తిరిగాక తల్లి పనికి వస్తుంటే వెంట వచ్చింది. తనంతట తానే కుర్చీ ఎక్కి, పై పెదవి వేలితో ఎత్తి, "ఇంకా రాలే," అంది. వస్తుంది, ఆగమన్నాను. మరుసటి నెలా వచ్చింది. ఆ పై నెలా వచ్చింది. పెట్టుడు పన్ను పెడతానంటే ఒప్పుకోలేదు. "వద్దు. అది వచ్చేటందుకు జాగ ఉండాలె."

తల్లికి నిజం పన్ను తీసిన రోజే చెప్పాను. "నేను చెప్తే ఇంటలేదమ్మా, మీరే చెప్పుండ్రి," అంది ఆమె. చెబుదామనే ప్రతిసారీ అనుకునేదాన్ని. పెదవి కింద ఆ నున్నటి చిగురు కనబడగానే మళ్లీ ఆగమనే అనేదాన్ని. పిల్ల ఏడు నెలలు వచ్చి, తర్వాత మానేసింది. రావడం మానేశాక ఇంకా కష్టమైంది. మెట్ల మీద తేలికపాటి అడుగులు వినబడితే చేతిలో పని ఆగిపోయేది.

పై చదువు పేరు చెప్పి ఆసుపత్రి మూసేశాను. హైదరాబాద్‌లో ఒక పరిశోధనశాలలో చేరాను. అక్కడ మేము తయారుచేసేది ఒక జెల్. పెప్టైడ్లనే చిన్న ప్రొటీన్ ముక్కలు నీళ్లలో ఒకదానికొకటి అల్లుకుని, నానిన సబ్జా గింజ చుట్టూ ఉండే జిగురులా తయారవుతాయి. అది పంటిలోకి చేరిన సూక్ష్మక్రిములను చంపాలి. అదే చోట కొత్త గుజ్జు పెరగడానికి కణాలకు ఆసరా ఇవ్వాలి. చంపడం, బతికించడం రెండూ ఒకే బొట్టు చేయాలి. మొదట్లో క్రిములతో పాటు కణాలూ చచ్చిపోయేవి. పెప్టైడ్‌ను మార్చి, మళ్లీ మార్చి, ఏళ్లు గడిచాక ఒక ఉదయం సూక్ష్మదర్శిని కింద క్రిములు చచ్చి, కణాలు మాత్రం జెల్‌లో కాళ్లు చాపుకుని కనబడ్డాయి. పక్కవాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం చెవిలో "ఇంకా రాలే" అని వినబడింది. నిజమే, మా జెల్ కొత్త పన్నును మొలిపించదు. పీకకుండా మిగిలిన పంటికే దాని సాయం.

ఆ వారమే ఆ పిల్లను వెతుక్కుంటూ పెద్దేముల్ వెళ్లాను. తల్లి నన్ను గుర్తుపట్టింది. కూతురు వికారాబాద్‌లో మందుల దుకాణంలో పనిచేస్తోందని చెప్పి, దుకాణం గుర్తులు చెప్పింది.

మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేని సమయానికి వెళ్లాను. ఆమె కౌంటర్ వెనక నిలబడి ఉంది. పెట్టుడు పన్ను పెట్టించుకుంది. అయినా మాట్లాడేటప్పుడు చెయ్యి పెదవి మీదికి వెళ్తోంది.

నేనెవరో చెప్పాను. "ఆ రోజు నీకు అబద్ధం చెప్పిన. అది మొలవదని నాకు ఎరుకే," అన్నాను.

"నాకు గూడ ఎరుకే మేడం. అమ్మ మొదటి నెలనే చెప్పింది."

"మరి అన్ని నెలలు ఎందుకొచ్చినవ్?"

మందుల డబ్బాలు సర్దుతూ నా వైపు చూడకుండా అంది. "మీరు చెప్తరేమోనని."

ఇన్నేళ్లూ ఒక్క మాటకే కుమిలిపోయాను. ఆ పిల్ల నెలనెలా వచ్చి నాకు ఇంకో అవకాశం ఇచ్చిందని, ప్రతిసారీ నేను దాన్ని ఉత్త చేతులతో పంపించానని అప్పుడు తెలిసింది.

ఇప్పుడేం చేస్తున్నారని అడిగితే జెల్ సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"నేను మొదట వచ్చినప్పుడే గా జెల్ ఉంటే నా పన్ను నిలుస్తుండెనా?"

అవునంటే ఆమెకు బాగుంటుందో, కాదంటేనే బాగుంటుందో నాకు అర్థం కాలేదు.

"తెల్వదు బిడ్డా. నిలుస్తుండెనేమో. మేమింక మనుషుల నోట్లె పెట్టి చూడలే," అన్నాను.

"అచ్ఛా," అంది.

ఒక ముసలాయన చీటీ పట్టుకుని వచ్చాడు. ఆమె మాత్రలు తీయడానికి లోపలికి వెళ్లింది. నేను బస్టాండుకు నడిచాను. హైదరాబాద్ బస్సులు రెండు వచ్చి వెళ్లిపోయాయి. మూడోది ఎక్కాను.