చెంగల్రాయ మామ పాలబండి

తిరుపతిలో నేనుండే వీధి మొదట్లో ఒక గతుకుంది. నీళ్ళ క్యాన్ల మోపెడ్ అందులో దిగి లేచినప్పుడల్లా క్యాన్లు గుబుక్కుమంటాయి. వంటింట్లో టీ పెట్టుకుంటూ ఆ చప్పుడు విన్నానంటే చాలు, బండి మీద నిలబడ్డట్టు నా మోకాళ్ళు వాటంతటవే కొంచెం వంగుతాయి. పదేళ్ళు దాటినా ఈ అలవాటు పోలేదు. బండి మీద ఆ చప్పుడు వచ్చిందంటే నడిపేవాళ్ళు ఎక్కడో తొందరపడినట్టేనని నాకు నేర్పినవాడు చెంగల్రాయ మామ. చుట్టరికమేమీ లేదు. పుత్తూరులో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేవాడు. కొండకింది పల్లెల నుంచి మోటారుసైకిల్ మీద పాలు తెచ్చి కేంద్రంలో పోయడం ఆయన పని. కాలు కింద పెట్టకుండా రాళ్ళూ గుండ్లూ ఎక్కించి దించే బండి పందేలను ట్రయల్స్ అంటారు. వాటిలో నాకు ఈ కాస్త పేరు వచ్చిందంటే, ట్రయల్స్ అన్న మాటే సరిగ్గా పలకలేని ఆ మనిషి వల్ల.

నేను పాలిటెక్నిక్ చదివే రోజుల్లో ఒక ఆదివారం అవ్వ వాళ్ళ ఊరి నుంచి స్కూటీ మీద తిరిగి వస్తున్నాను. దారిలో ఒక ఎండు వాగు, నిండా తలకాయంత రాళ్ళు. స్కూటీ ఇసుకలో కూరుకుపోయి నేను దాన్ని నానా తిట్లు తిడుతూ తోస్తుంటే, వెనక నుంచి మామ వచ్చాడు. బండికి రెండు వైపులా నిండు క్యాన్లు. సీటు మీద నుంచి లేచి నిలబడి, నడిచే మనిషి కంటే నిదానంగా, ఒక రాయి ఎక్కి దిగి, ఇంకో రాయి మీద క్షణం ఆగి, అవతలి గట్టు ఎక్కేశాడు. బండి నిలిపి వెనక్కి వచ్చి నా స్కూటీకి చెయ్యి వేశాడు.

"కాలు దించకుండా ఎట్లా వచ్చినావు మామా?" అని అడిగాను.

"దించితే బండి పక్కకు ఒరుగుతాది. నిండు క్యాన్లతో ఒరిగిందంటే నేను లేపలేను. అందుకని దించను," అన్నాడు. ఇరవై ఏళ్ళ విద్య ఆయనకు అంతే.

ఆ వారంలోనే ఫోనులో ట్రయల్స్ వీడియో ఒకటి చూపించాను. రిబ్బన్లు కట్టిన దారిలో ఎవరో బండి మీద నిలబడి బండరాళ్ళు ఎక్కుతున్నారు. మామ చాలాసేపు చూసి, "వీళ్ళు యాడికి పోవల్ల పాపా?" అన్నాడు. "యాడికీ పోరు మామా, పందెం. కాలు నేలకు తగిలితే ఒక మార్కు మీద పడతాది. పడిపోతే అయిదు. ఎవరికి తక్కువ పడితే వాళ్ళు గెలిచినట్టు," అన్నాను. "పాలు కూడా లేవే," అని నవ్వాడు. కానీ మరునాడే మూలన పడున్న తన పాత బండి బయటికి తీశాడు. సీటు ఊడదీసి, బండి మెల్లగా పాకేలా వెనక పెద్ద చైను చక్రం వేశాడు. టైర్లలో గాలి సగానికి పైగా వదిలేశాడు. గట్టి టైరు రాయి మీద ఎగిరిపడుతుందనీ, మెత్తటి టైరు రాయిని పట్టుకుంటుందనీ వాగులో రెండు రోజులు తంటాలు పడి తేల్చుకున్నాడు.

నాకప్పుడు ముక్కు మీద కోపం. వీడియోలో వాళ్ళలా గుండు మీదికి ఒక్క ఎగురు ఎగరాలని నా ఆశ. మామ నన్ను నెల రోజులు ఊరికే నిలబెట్టాడు. బండి కదలకూడదు, కాలు దిగకూడదు. ఆ తర్వాత వెనక ఒక మూత లేని క్యాను కట్టి, సగానికి నీళ్ళు పోసి, వాగు దాటమన్నాడు. అవతలికి చేరేసరికి నా వీపు తడిసి ముద్దయ్యేది. ఆయన నన్ను చూసేవాడు కాదు, క్యానులోకి తొంగి చూసేవాడు. "యాక్సిలేటరు మీద కోపం తీర్చుకుంటా ఉండావు. క్లచ్చి మీద ఒక్క వేలు చాలు, దాంతోనే బండిని పట్టుకో," అనేవాడు. దాటబోయే ముందు ప్రతిసారీ చెప్పులు విడిచి ఆ దారంతా నడవాలి, ఏ రాయి కదులుతుందో పాదంతో తెలుసుకోవాలి. ఒకసారి ఊగే రాయి ఒకటి పక్కకు జరపబోతే, "దాన్ని ఆడనే ఉండనీ. రాయిని మారిస్తే నువ్వెప్పుడు మారేది?" అన్నాడు. ఒళ్ళు మండి నీళ్ళ క్యానును ఒక్క తన్ను తన్నాను. మామ పక్క చేలోని మోటారు దగ్గరికి పోయి నీళ్ళు పట్టుకొచ్చి మళ్ళీ కట్టాడు. ఆ పూట సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మా నాయనకు ఇదంతా గిట్టేది కాదు. ఆయనకు ఒక టెంపో ఉండేది. కాయల కాలంలో చిత్తూరుకు మామిడికాయలు, తక్కిన రోజుల్లో ఏది దొరికితే అది తోలేవాడు. బయలుదేరే ముందు నాలుగు టైర్లూ కొట్టి చూడనిదే స్టీరింగు ముట్టడు. నా మణికట్టు ఒకసారి బెణికితే, పుత్తూరు కట్టు కట్టించి తీసుకొస్తూ, "కట్టు కట్టేవాళ్ళు ఊర్లోనే ఉండారని ఎముకలు విరగ్గొట్టుకుంటావా?" అని దారంతా సాధించాడు. బెంగళూరు దగ్గర పందెం ఉందని అడిగితే చివరికి ఒక షరతు పెట్టాడు. ఒక్కసారి తీసుకుపోతాడు. అక్కడ పడ్డానంటే ఆ రోజే బండి చెంగల్రాయుడికి ఇచ్చేయాలి, మళ్ళీ ఆ ఊసెత్తకూడదు. నేను ఒప్పుకున్నాను. నాకు ప్రపంచంలో ఇంకేమీ అక్కర్లేదని అనిపించేది ఆ రోజుల్లో.

బండిని టెంపోలో కట్టుకుని ముగ్గురం పోయాం. మామా నేనూ చెప్పులు విడిచి దారులన్నీ నడిచి చూశాం. అయినా మొదటి గుండుకే బండి బంతిలా ఎగిరి నన్ను పక్కకు విసిరేసింది. అయిదు మార్కులు, మోచేతికి రక్తం. మామ వచ్చి వంగి టైరు నొక్కాడు. నేనూ నొక్కాను. రాయిలా ఉంది. మేం పలమనేరులో టీ తాగుతుంటే నాయన పెట్రోలు బంకులో గాలి కొట్టించాడట. "బొత్తిగా మెత్తగా ఉండాయి పాపా. నేను సూసినాను కాబట్టి సరిపొయ్యింది," అన్నాడు ఆయన, కళ్ళల్లో బెదురుతోనే. నా బుద్ధి గడ్డి తిని ముందే చూసుకోలేదు. నోటికొచ్చింది అనేదాన్నే, మామ నా కాలు తొక్కాడు.

"మంచి పని చేసినావన్నా. దూరం వచ్చేదానికి గాలి ఉండాల," అన్నాడు నాయనతో. టెంపో ఎక్కి కూర్చుని వచ్చిన బండికి దూరమేమిటో నేను అడగలేదు. "ఇప్పుడు రాళ్ళకు తగ్గించల్ల. నా బొటనవేలు మొద్దుబారిపొయ్యింది. టైరు సంగతి నీకు తెలిసినట్టు నాకు తెలీదు, నువ్వే సూడు."

నాయన మోకాళ్ళ మీద కూర్చుని అగ్గిపుల్లతో గాలి వదిలాడు. నొక్కి చూసి "ఇంతా?" అన్నాడు. "ఇంకొంచెం," అన్నాడు మామ. నన్ను బండి మీద నిలబడమని, టైరు ఎంత అణుగుతుందో నేలకు చెంప ఆనించి చూశాడు నాయన. ఆ తర్వాత ప్రతి దారికీ ముందు ఆయన చెయ్యి టైరు మీద ఉండేది. నేను ఎక్కుతున్నంతసేపూ నన్ను చూసే ధైర్యం లేక చక్రాలనే చూశాడు. చివరి దారిలో కాలు ఒక్కసారీ దించలేదు. సున్నా అని అరిచారు. నాయన ముఖం వాడిపోయింది. సున్నా అంటే మంచిదేనని మామ చెప్పాల్సి వచ్చింది. మొత్తం మీద నేను వచ్చింది కింది నుంచి రెండో స్థానం.

బాగా పొద్దుపోయాక పుత్తూరు చేరి మామ ఇంటి ముందు ఆగాం. మామే టెంపో వెనక తలుపు దించాడు. "పాప పడింది. మాట మాటే కదన్నా, బండి దించుకుంటా," అన్నాడు. నాయన బండికి కట్టిన తాడు మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"రాళ్ళకు ఎంత గాలి పెట్టల్లో నాకింకా చెయ్యి కుదర్లేదు. ఇంకోసారి సూస్తా. తలుపు ఎత్తెయ్," అన్నాడు.

ఆ తర్వాత ఏడేళ్ళు నాయన టెంపోలోనే పందేలకు తిరిగాను. మామ పోయి రెండేళ్ళవుతోంది. పోవడానికి కొన్ని నెలల ముందు అడిగాను, ఆ రోజు తప్పు నాయనదని ఎందుకు చెప్పలేదని. మామ అది పెద్ద ప్రశ్నే కానట్టు చూశాడు. "తప్పు చేసినానని తెలిస్తే మీ నాయన మళ్ళా రాడు. ఆయన రాకుంటే నువ్వు యాడికి పోతావు? నేను పాలు పొయ్యాలి కదా, రోజూ నీతో రాలేను," అన్నాడు.

ఒంటి వేలితో క్లచ్చి పట్టడం ఎవరికైనా నేర్పగలను, ఓపిక ఉంటే అందరికీ వస్తుంది. మామ దగ్గర నేను నేర్చుకున్నవాటిలో కష్టమైనది ఇంకొకటి. ఆదివారాలు చంద్రగిరి దారిలో కంచె వేసిన ఒక ఖాళీ స్థలంలో నలుగురైదుగురు అమ్మాయిలకు నేర్పుతున్నాను. మొన్న ఒక పిల్ల తల్లి, ఇదే ఆఖరి రోజని చెప్పి కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చి, లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడింది. నేను ఏమీ వాదించలేదు. "వదినా, ఒక్కసారి ఇట్లా వచ్చి ఈ టైరు నొక్కి చూడు, నాకు సరిగ్గా తెలియడం లేదు," అన్నాను. ఆమె చెప్పులు విడిచి వచ్చింది.