పచ్చగా నిలబడ్డ కానుగ

ఆ ఎండాకాలమంతా నాకు ఒకచోట కాలు నిలవలేదు. శామీర్‌పేట దగ్గరి ప్రయోగశాలలో కానుగ మీద పరిశోధన చేస్తున్నాను. గింజల నుంచి నూనెనిచ్చే ఈ చెట్టు ఏ జన్యువు బలంతో కరువును తట్టుకుంటుందో తేల్చాలి. కుండీల్లోని మొక్కలు వాడిపోతున్నాయే గానీ ఏదీ తేలడం లేదు.

ఒకరోజు మేడ్చల్ వైపు వెళ్తుంటే ఒక బీడు గట్టు మీద కానుగల వరుస కనిపించింది. అన్నీ ఆకులు వేలాడేశాయి, ఒక్కటి తప్ప. అది మాత్రం నిగనిగలాడుతోంది. బండి ఆపి పరుగెత్తాను.

భూమి ఆసామి అక్కడే ఉన్నాడు. వ్యవసాయం మానేసి ప్లాట్లు వేస్తున్నాడు. ఆ చెట్టు ఆకులు కోసుకోవచ్చా అని అడిగాను.

"ఆకులు గావాల్నంటే జల్దీ తెంపుకో బిడ్డా. రేపు పొద్దుగాల జేసీబీ వస్తాంది."

"ఒక్క వారం ఆగలేరా?"

"ఆగితే నాకు పరేషాన్. గీ చెట్టుల అంత ఏమున్నది?"

"నీళ్లు లేకున్నా బతికే గుణం ఉందేమోనని."

ఆయన నవ్వలేదు. చెట్టును తేరిపార చూశాడు.

కోసిన ఆకును వెంటనే గడ్డకట్టించకపోతే పరీక్షకు పనికిరాదు. ప్రయోగశాలకు వెళ్లి ద్రవ నత్రజని డబ్బా తెచ్చాను. పచ్చని చెట్టు ఆకులతో పాటు, పోల్చి చూడటానికి పక్కన వాడిన చెట్టువీ కోశాను.

మర్నాడు ఉండబట్టలేక మళ్లీ వెళ్లాను. జేసీబీ తోయగానే పచ్చని చెట్టు ఒరిగింది. వేళ్ల కింద అంతా బురద. పాత బోరు పైపు ఒకటి పగిలి కారుతోంది.

"అరె, గిదా సంగతి! ప్లాట్ల పనికి మోటరు ఏసినప్పుడల్లా నీళ్లన్నీ గిదే తాగింది," అన్నాడు ఆసామి.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడే జేసీబీ పక్కనున్న వాడిన చెట్టు మీదికి తిరిగింది. నీళ్లు లేకుండా ఇన్నాళ్లు నిలిచింది అదే కదా!

"ఆపండి, కాయలు కోసుకుంటాను!" అని అరిచాను.

ఆయన చెయ్యెత్తి బండి ఆపించాడు. తనే కొమ్మ వంచి పట్టుకున్నాడు. చున్నీ నిండా ఎండుకాయలు కోసుకున్నాను.

పరీక్షలో పచ్చని చెట్టు ఆకుల్లో నేను అనుమానిస్తున్న జన్యువు దాదాపు పని చేయనేలేదు. వాడిన చెట్టు ఆకుల్లో గట్టిగా పని చేస్తోంది. అంతమాత్రాన రుజువైనట్టు కాదు.

ఆ కాయల గింజలు మొలిచాయి. ఇప్పుడు వాటికి నీళ్లు ఆపాను. మధ్యాహ్నం తలలు వాల్చి, సాయంత్రానికి లేస్తున్నాయి. రేపు లేస్తాయో లేదో తెలియదు. అన్నం సగంలో వదిలి వెళ్లి చూసొస్తున్నాను.