ఐగుప్తుకు వీసా వేరే

మా మేనమామ చర్చిలో పెద్ద. ఇశ్రాయేలీయులు ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడిన కథను నా చిన్నప్పటి నుంచి, నేను కునికిపాట్లు పడుతున్నా వదలకుండా, చెబుతూనే ఉన్నాడు. రిటైరయ్యాక ఆయనకు ఈజిప్టు చూడాలని సరదా పుట్టింది. తోడు రమ్మంటే ఈ సాయంత్రం గాంధీనగర్‌లో ఒక ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్ళాను.

పిరమిడ్లు, నైలు నదిలో పడవ, ఎడారిలో ఒంటె సవారీ అన్నీ ఖాయమయ్యాయి. ఇక లేస్తామనగా మామకు గుర్తొచ్చింది.

"అంత దూరం పోతాండాము కదప్పా. ఆ పక్కనే యాడో ఐగుప్తు ఉంటాది. ఒక పూట అదీ చూపిచ్చేయ్."

ఈజిప్టునే తెలుగు బైబిల్లో ఐగుప్తు అంటారని నేను చెప్పేలోగా, ట్రావెల్స్ ఆయన కంప్యూటర్‌లోకి తొంగి చూసి గంభీరంగా తలాడించాడు.

"ఐగుప్తు ఈ ప్యాకేజీలో రాదు సార్. దానికి వీసా బేరే కావాల."

"మామా, రెండూ ఒకటే దేశం" అన్నాను.

"సుమ్నె ఉండప్పా. నువ్వు బైబిల్ తెరిచి ఎన్నేండ్లయింది?" అని నన్ను కసిరి, ఆ రెండో వీసాకు ఏమేం కావాలో అడగడం మొదలుపెట్టాడు.

ఆ రెండో వీసా ఎలాగూ రాదు. ఈజిప్టంతా తిరిగొచ్చి, ఐగుప్తు ఒక్కటే చూసే భాగ్యం లేకపోయిందని మామ చర్చిలో అందరి ముందూ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం ఖాయం. అప్పుడు మీరైతే నిజం చెబుతారా, ఆమెన్ అంటారా?