మెర్విన్ కారు గొంతు

తన యాభై ఏళ్ళ నాటి ఆకుపచ్చ స్పోర్ట్స్ కారుకి కొత్త సైలెన్సర్ ఎంచుకోవడానికి మెర్విన్‌కి రెండు చలికాలాలు పట్టింది. భార్యని ఎంచుకోవడానికి ఒక్క శనివారం డాన్సు సరిపోయింది. ఆ సంగతి డాఫ్నీ మరిచిపోలేదు.

మామూలు ఇనుముదైతే గొంతు బాగుంటుంది గానీ తుప్పు పడుతుంది. స్టీలుదైతే తుప్పు పట్టదు గానీ డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు మోగుతుంది. ఇంట్లో టీ తాగినంతసేపూ ఇదే గోల. నెలకో ఆదివారం పబ్బు వెనకాల పాతకార్ల క్లబ్బువాళ్ళంతా ఒక్కో కారు వెనకా చేరి, కచేరీకొచ్చినట్టు కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వింటూ పొగ పీల్చేవాళ్ళు.

చివరికి స్టీలుదే బిగించాడు. తీరా ఆ నెల క్లబ్బు ఆదివారం ఇంగ్లండు ఆకాశం తన బుద్ధి పోనిచ్చుకోలేదు. పొద్దున్నే వాన పట్టుకుంది.

"వానలో దాన్నెలా తీస్తాను? నీ కారు తాళాలివ్వు," అన్నాడు.

"తుప్పు పట్టదనేగా కొన్నావు?"

"సైలెన్సర్‌కి పట్టదు. మిగతా కారుకి పడుతుంది."

పబ్బు దగ్గర మిగతా మగాళ్ళూ పెళ్ళాల కార్లలోంచే దిగారు.

"ఏవోయ్, ఎలా ఉంది కొత్తది?" అన్నాడు క్లబ్బు పెద్ద బేసిల్.

మెర్విన్ గొంతు సవరించుకుని, పెదాలు బిగించి, నోటితోనే ఆ చప్పుడు చేసి వినిపించాడు. అందరూ కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నారు.

బేసిల్ పెదవి విరిచాడు.

"ఎంతైనా స్టీలు స్టీలేనోయ్. కాస్త రేకు మోత వస్తోంది."